బొట్టు పెట్టిన సీడీ

నిన్న అలమర సర్దుతుంటే అక్క మొదటి కూచిపూడి ప్రదర్శన సీడీ దొరికింది. మెరిసే వైపున కుంకుమ బొట్టు! దసరాకి మానిటర్‌కీ, సీపీయూకీ, మౌస్‌కీ బొట్లు పెట్టేవాళ్లం, గుర్తుందా? మా అమ్మయితే సీడీల్నీ వదల్లేదు.

మెత్తటి గుడ్డతో తుడిచి, పటమటలో మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో పెట్టాను. అందులోని వీడియో ప్లేయర్ లాగిన్ అవమంది, అప్‌డేట్ అడిగింది, చివరికి బిగుసుకుపోయింది. ఉన్నది ఈ ఒక్క కాపీయే. ఆ ప్లేయర్‌ని తీసిపారేసి, ఈ ముసలి కంప్యూటర్ మోయగలిగే, హంగులేవీ లేని చిన్న ఉచిత ప్లేయర్ వేసుకున్నాను. నొక్కగానే గజ్జెల చప్పుడు! హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది.

"చూశావా, నేను బొట్టు పెట్టబట్టే ఇన్నాళ్లు నిలిచింది!" అంటూ అమ్మ కుంకుమ భరిణె తెచ్చింది.

వీడియోని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, సీడీ ఆవిడ చేతికే ఇచ్చేశాను.