ముప్ఫై అయిదు శాతం నడక

మా అన్న నడుస్తాడని చాలామంది నమ్మేవాళ్లు. వారం వారం సంతలో కూరగాయలమ్మే ఆమె అయితే, "నీ కొడుకు బంగారం. ఇరవై నాలుగేండ్లొచ్చినా తల్లి పక్క వదలడు," అని మా యాడిని మెచ్చుకునేది. వదలడు, నిజమే. వదిలితే పడిపోతాడు.

యాడి అంటే మా భాషలో అమ్మ. టేకులపల్లి అడవి అంచున మా తండా. ఇళ్లలో మా భాష, బడిలో, బజార్లో తెలుగు. ఇక్కడ మాత్రం అందరి చేతా తెలుగే మాట్లాడిస్తున్నాను. యాడికి చదవడం వచ్చి ఉంటే ఒప్పుకునేది కాదు.

అన్న పుట్టగానే ఏడవలేదట. ఆ కాసేపట్లోనే ఏదో జరిగిపోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. కాళ్లు బిగుసుకుపోయాయి, చేతులు చెప్పిన మాట వినవు, నోటికి నాలుగైదు మాటలకు మించి రావు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అన్నకన్నా మూడేళ్లు చిన్నదాన్నయిన నేను ఇంట్లో దొంగతనంగా ఏం తిన్నా, ఎక్కడ దాచుకుని తిన్నానో యాడికి కళ్లతోనే చూపించేసేవాడు.

అలాంటి అన్నను యాడి నడిపించేది. పాత చీరను మూడు పాయలుగా పేని, నడుముకు దట్టీలా గట్టిగా కట్టి, పైన చొక్కా వేసేది. వెనక నిలబడి ఎడమ చేత్తో ఆ దట్టీ పట్టుకుని కొంచెం పైకెత్తి, తన మోకాలితో అన్న మోకాలిని నెట్టేది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. కుడి చెయ్యి ఖాళీగా ఉండేది కాబట్టి దాంతో సంచి మోసేది, బేరమాడేది, ఎదురొచ్చిన పెద్దవాళ్లకు దండం పెట్టేది. ముందు నుంచి చూసేవాళ్లకు చక్కగా తల దువ్వుకున్న ఒక మనిషి, ఆయన వెనకే వాళ్లమ్మ కనిపించేవాళ్లు. పదిహేనేళ్లు అలా నడిపించీ నడిపించీ యాడి ఎడమ చెయ్యి కుడి చేతికన్నా లావైంది. రెండు చేతులకు రెండు సైజుల గాజులు కావాలనేది. గాజులమ్మేవాడు ప్రతిసారీ గొణుక్కునేవాడు.

నేను బళ్లో విద్యా వాలంటీరుగా చేరిన రెండో ఏడు కబురొచ్చింది. వికలాంగుల పెన్షన్ తీసుకునేవాళ్లంతా మళ్లీ డాక్టరు ముందుకు రావాలి. చేతిరాత సర్టిఫికెట్లు ఇక చెల్లవు, కంప్యూటర్ సర్టిఫికెట్ కావాలి. అందులో నలభై శాతానికి తగ్గితే పెన్షన్ ఆగిపోతుంది, బస్సు పాసు కూడా.

ప్రభుత్వం లెక్కలో అది అన్న పెన్షన్. మా ఇంట్లో దాని పని వేరు. బాపు, అంటే మా నాన్న, జామాయిల్ నరికే గుంపుతో సారపాక వైపు పోయి వారానికోసారి ఇంటికొచ్చేవాడు. నా జీతం ఎప్పుడొస్తే అప్పుడే వచ్చినట్టు. తండాలో ఆడవాళ్లందరూ మిరప తోటలకు పోతుంటే యాడి ఒక్కతే ఇంట్లో అన్న దగ్గర ఉండగలిగిందంటే ఆ పెన్షన్ వల్లే. అది ఆగితే యాడి కూలికి పోవాలి, అన్నను చూసేవాళ్లుండరు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అన్నకు కూడా.

బాపు తమ్ముడు, మా కాకా, సలహా ఇవ్వడానికి వచ్చాడు. "వదినా, మూడు దినాలు తానం చేపియ్యకు. నెత్తికి నూనె రాయకు. సూడంగనే డాక్టర్‌కు జాలి పుట్టాలె."

"నా కొడుకును మురికితోని తీస్కపోవాల్నా? సార్ ఏమనుకుంటడు? వీనికి తల్లి లేదనుకుంటడు," అని యాడి ఆయనకు చాయ్ కూడా ఇవ్వకుండా పంపేసింది.

క్యాంపు రోజు అన్నకు రెండుసార్లు స్నానమైంది. ముఖానికి పౌడరు, ఇస్త్రీ చొక్కా, చేతి రుమాలు. పెళ్లిచూపులకు బయల్దేరినట్టు బయల్దేరాం.

క్యాంపు ఒక బళ్లో పెట్టారు. వరండా నిండా జనం. మా ముందున్న ముసలాయనకు మోకాలి కింద కాలు లేదు. కంప్యూటర్ ఆపరేటరు తెర మీది ప్రశ్న చదివాడు. "తాతా, ఇది తాత్కాలికమా, శాశ్వతమా?"

"మల్లా మొలుస్తదేమో మీరే సూడున్రి సారూ. నేనైతే పదేండ్ల సంది ఎదురుసూస్తున్న," అన్నాడు తాత. వరండా అంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అన్న నవ్వాడు.

మా వంతు దగ్గర పడ్డాక రేషన్ కార్డు జిరాక్స్ కావాలన్నారు. పరుగెత్తాను. జిరాక్స్ దుకాణంలో కరెంటు లేదు. అది వచ్చి, కాగితం వచ్చి, నేను తిరిగొచ్చేసరికి యాడీ అన్నా లోపల ఉన్నారు. తలుపు దగ్గర నన్ను ఆపేశారు. కిటికీలోంచి చూశాను. డాక్టరు రాసుకుంటూ, తలెత్తకుండానే, "నడిపించమ్మా," అన్నాడు.

యాడి ఎడమ చెయ్యి తనంతట తనే అన్న వెనక దట్టీ మీదికి పోయింది. ఒట్టు, అందులో ఏ ఎత్తూ లేదు. అన్న లేస్తే ఆ చెయ్యి అక్కడికే పోతుంది, అంతే. డాక్టరు తలెత్తేసరికి అన్న గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ బల్ల దాకా వచ్చేశాడు. యాడి ఖాళీగా ఉన్న కుడి చేత్తో డాక్టరుకు దండం కూడా పెట్టింది. కిటికీ బయట నేను, డిగ్రీ చదివినదాన్ని, ఎంత బాగా నడిచారో అని మురిసిపోయాను. అక్కడ ఏం పోతోందో నాకు తట్టనే లేదు. ఇప్పటికీ అది తలచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

నేను లేనప్పుడు లోపల ఏం జరిగిందో తిరిగొచ్చేటప్పుడు ఆటోలో యాడి సంబరంగా చెప్పింది.

"అన్నం తింటడా అని అడిగిండు. రెండు పూటలు కడుపునిండ తింటడు సార్ అని చెప్పిన. తానమంటే, రోజు రెండుసార్లన్న. బట్టలంటే, గిట్లనే ఉంటడు సార్, ఎన్నడు మాసినయి తొడగడన్న. పక్క తడుపుతడా అన్నడు. నేనుండంగ ఎందుకు తడుపుతడన్న."

"మరి ఆయనేమన్నడు?"

"మంచిగ సూస్కుంటున్నవమ్మా అన్నడు."

యాడి లెక్కలో ఆ డాక్టరు పరీక్షించింది అన్నను కాదు, తనను. ప్రతి ప్రశ్నా తన పెంపకం మీద వేసిన నింద. ఒక్కటీ మిగల్చకుండా అన్నిటినీ తిప్పికొట్టింది. ఆ సంతోషంలో దారిలో ఆటో ఆపించి, డ్రైవరుతో సహా అందరికీ మిర్చి బజ్జీలు పెట్టించింది.

కొన్నాళ్లకు సర్టిఫికెట్ వచ్చింది. ముప్ఫై అయిదు శాతం.

"ముప్పై అయిదంటే పాసే గద?" అంది యాడి.

ఆమె తప్పు కాదు. పదో తరగతి లెక్కల్లో నేను సరిగ్గా ముప్ఫై అయిదుతో గట్టెక్కినప్పుడు తండా అంతటికీ చక్కెర పంచింది ఈ యాడే. ఇక్కడ మాత్రం ముప్ఫై అయిదు ఫెయిల్. సరిగ్గా చెప్పాలంటే, యాడి పాసైంది, అన్న ఫెయిలయ్యాడు.

తర్వాతి నెల పెన్షన్ల లిస్టులో అన్న పేరు లేదు. ఎవరు తీసేశారని అడిగితే కంప్యూటర్ తీసేసిందన్నారు. అయితే ఆ కంప్యూటర్‌తోనే మాట్లాడతాను, చూపించండి అన్నాను. నాకు నోరెక్కువ. అది హైదరాబాద్‌లో ఉందన్నారు.

యాడి మిరప తోటకు పోవడం మొదలుపెట్టింది. పొద్దున్నే ట్రాలీ ఆటో వచ్చి తండా ఆడవాళ్లను చండ్రుగొండ వైపు తోటలకు ఎక్కించుకుపోయేది. అన్నను నేను బడికి తీసుకెళ్లేదాన్ని. సైకిలు మీద కూర్చోబెట్టి కాకా తోస్తుంటే నేను పక్కన పట్టుకుని నడిచేదాన్ని. వెనక గోడకు ఆనించి కూర్చోబెడితే అన్న పాఠమంతా వినేవాడు. ఎవరైనా ఎక్కం తప్పు చెబితే పగలబడి నవ్వేవాడు. మా మూడో తరగతికి ఎక్కాలు అంత బాగా అంతకుముందెన్నడూ రాలేదు.

కానీ అన్నను బయటికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడల్లా పాఠం ఆగిపోయేది. యాడిలాగే దట్టీ పట్టుకుని మోకాలితో నెట్టేదాన్ని. నాలుగడుగులకు ఇద్దరం కలిసి పడేవాళ్లం. ఒక్క మనిషిని నిలబెట్టడానికి ఎంత బలం కావాలో నాకు అప్పుడు తెలిసింది, అదీ మోచిప్పలు పగిలాక. హెడ్మాస్టరు మంచివాడే. "ఇట్ల ఎన్ని దినాలమ్మా? ఎవరన్న తనిఖీకి వస్తే నీ నౌకరి పోతది," అన్నాడు.

సాయంత్రం యాడి వచ్చి, మిరప ఘాటుకు మండే చేతులను మజ్జిగలో ముంచి కూర్చునేది. మంట తగ్గాకే అన్నను ముట్టుకునేది. ఆ చేతులు చూసిన దగ్గర్నుంచి అన్న నవ్వడం మానేశాడు. బళ్లో ఎక్కం తప్పు చెప్పినా నవ్వలేదు. అది మాత్రం నేను భరించలేకపోయాను.

సోమవారం అర్జీలు తీసుకుంటారంటే ఖమ్మం వెళ్లాను. ఒక సోమవారం సారు లేడు, ఒక సోమవారం సెలవు, ఒక సోమవారం నా అర్జీ మీద నా సంతకమే లేదు. నాలుగో సోమవారం మళ్లీ పరీక్షకు చీటీ రాసిచ్చారు.

ఈసారి తయారై వెళ్లాలనుకున్నాను. ఇంట్లో నేనే డాక్టరుగా కూర్చుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, యాడిని ప్రశ్నలడిగాను.

"అన్నం తింటడా?"

"తింటడు."

"యాడీ!"

"మరి తానుగ తినడని ఎట్ల అనాలె? వాడు వింటుండు గద."

నిజమే, అన్న మంచం మీద నుంచి మా ఇద్దరినీ చూస్తున్నాడు. సరే, అన్నను వాకిట్లో కూర్చోబెట్టి అడుగుదామనుకున్నాం. యాడి లేచి, దట్టీ పట్టి, అన్నను వాకిట్లోకి నడిపించి, చాప మీద కూర్చోబెట్టి, చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"ఇగ అడుగు," అంది.

"నడుస్తడా?"

"ఇప్పుడే గద నడిచి బయటికి పోయిండు!"

నేను పుస్తకం మూసేశాను.

రెండో పరీక్షకు డాక్టరమ్మ కూర్చుంది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆమె మొదట కలం పక్కన పెట్టింది. "అన్నం ఎవరు తినిపిస్తారమ్మా?" అని అడిగింది.

"నేనే మేడమ్," అంది యాడి, తల ఎత్తి.

"స్నానం?"

"నేనే."

"రాత్రిళ్లు ఎవరు లేస్తారు?"

"ఇంకెవరు లేస్తరు? నేనే."

అలా అడగొచ్చని మాకెవరికీ తట్టలేదు. నేను వారం రోజులు తల బాదుకున్నా రాబట్టలేని జవాబులన్నీ యాడి నిమిషంలో గర్వంగా చెప్పేసింది. డాక్టరమ్మ నడిపించమంది. యాడి చెయ్యి మామూలుగా దట్టీ మీదికి పోయింది. డాక్టరమ్మ బల్ల చుట్టూ తిరిగి వచ్చి అన్న వెనక నిలబడి చూసింది.

"ఈ చెయ్యి తియ్యమ్మా."

"తీస్తే పడ్తడు మేడమ్."

"నేను పట్టుకుంటాను. తియ్యి."

ఆమె అన్న ముందుకు వచ్చి నిలబడింది. యాడి నన్ను చూసింది. నేను తల ఊపాను. చెయ్యి తీసింది.

అన్న పడలేదు.

మోకాళ్లు వణుకుతున్నాయి, చేతులు రెండూ గాలిలో ఎటో పోతున్నాయి. అయినా ఎవరూ పట్టుకోకుండా, ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి, మా అన్న నిలబడ్డాడు. ఇన్నాళ్లకు ముఖం నిండా నవ్వు. యాడికి ఏదో సాయం చేస్తున్నాననుకున్నాడేమో. నేను లోపల్లోపల "పడు, అన్నా, పడు," అంటున్నాను. యాడి పెదవులు కదులుతున్నాయి. రెండుసార్లు ఊపిరి తీసి వదిలేంతసేపు అలా గడిచింది. తర్వాత అన్న నేరుగా డాక్టరమ్మ మీద పడ్డాడు, ఆమె కుర్చీలో పడింది, కుర్చీ పోయి గోడకు కొట్టుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆమె నవ్వుతూనే కళ్లద్దాలు వెతుక్కుని, పెట్టుకుని, రాసింది. ఎనభై శాతం. ఈసారి డిస్టింక్షన్.

తిరిగొచ్చే బస్సులో యాడి ఏడుపు మొదలుపెట్టింది. పెన్షన్ వస్తుందన్న సంతోషమనుకున్నాను.

"వాడు పుట్టినప్పటి సంది, ఒక్కసారి నిలబెట్టు తల్లీ అని భవానికి మొక్కుతున్న. నిలబడ్డనాడు తండాకంత చుర్మో చేసి పెడ్తనన్న. ఇయ్యాల నిలబెట్టింది. నేనేమో, పడెయ్యి తల్లీ, జల్దీ పడెయ్యి అని మొక్కిన. నేనేం తల్లిని బిడ్డా?"

"నేను గూడ అదే మొక్కిన," అన్నాను.

"నువ్వు గూడనా?" అని నా తొడ మీద ఒక్కటి వేసింది. ఏడుస్తూనే నవ్వింది. అన్న మా ఇద్దరినీ చూసి, తనను మెచ్చుకుంటున్నామనుకుని, బస్సంతా వినిపించేలా నవ్వాడు.

మొక్కు తీర్చకపోతే యాడికి నిద్ర పట్టదు. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి పెద్ద గిన్నెడు చుర్మో చేసింది. కాకా మూడోసారి పెట్టించుకుంటూ, "పెన్షన్ మల్లొచ్చినందుకు గింత పండుగనా వదినా?" అని అడిగాడు.

"అవ్ మరి," అంది యాడి.

అన్న నిలబడ్డ సంగతి తండాలో ఒక్కరికీ చెప్పలేదు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి హైదరాబాద్‌లో ఉన్న కంప్యూటర్ దాకా పోతుందని ఆమె భయం. నేను నవ్వుదామనుకున్నాను, కానీ నాకూ అదే భయం.

ఆదివారం బాపు వచ్చాక మాత్రం తలుపు వేసి ఆయనకు చెప్పింది. "ఎంతసేపు?" అని అడిగాడు. యాడి రెండుసార్లు ఊపిరి తీసి వదిలి చూపించింది. మళ్లీ చూపించమన్నాడు. మళ్లీ చూపించింది. ఆయన చాలాసేపు అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"నేను సూడలేదు గద. ఒక్కసారి వదిలి సూద్దామా?" అన్నాడు చివరికి.

"నిలబడితే?" అంది యాడి.

ఆ తర్వాత మేమెవరమూ ఎన్నడూ అన్నను వదిలి చూడలేదు.