గురువారం కనిపించని కవర్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు కూరగాయలు అమ్మే యాదమ్మ ఏ రోజు ప్లాస్టిక్ కవర్లు ఇస్తోందో రెండు నెలలుగా ఫోన్‌లో రాసుకుంటున్నాను. నిషేధం ఎంత గట్టిగా అమలవుతోందో చూద్దామని కుతూహలం. ఈ సాయంత్రం పట్టిక తిరగేస్తే విచిత్రంగా గురువారాలన్నీ కాగితం పొట్లాలు, మిగతా రోజులన్నీ కవర్లు!

ఉండబట్టలేక వెళ్లి, రెండు నెలల పట్టిక చూపించి ఆమెనే అడిగాను.

"గురువారం చెకింగోళ్లు ఒస్తరు సార్. గా రోజు కవర్లు ఇంట్లనే పెట్టొస్త. గీ ముచ్చటకు రెండు నెలలు రాసుడెందుకు? నన్నడిగితే చెప్పకపోదునా?" అని నవ్వింది.

"మరి మిగతా రోజులు?" అన్నాను.

"మిగతా రోజులు మీరొస్తరు గద, చేతులూపుకుంట!"

నా పట్టికలో కవర్ ఇచ్చిన ఆమెకు గడి ఉంది, తీసుకున్న నాకు లేదు. మా సంచి ఇప్పటికీ తలుపు వెనక కొక్కానికే వేలాడుతోంది. మీదెక్కడుంది?