కంప్యూటర్‌కి ఖబూల్ చెప్పినవాడు

కంప్యూటర్ మర్యాదగా అడిగితే కాదనలేకపోయాను. నా తెలివితక్కువతనమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మిగిలిందంతా దాని ఫలితమే.

ఇంటికొచ్చినవాళ్లు ఏదైనా అడిగితే ఒకసారి కాదనవచ్చు, రెండోసారి నసగవచ్చు, మూడోసారి మాత్రం అవ్ అనాలని మా ఇంట్లో నేర్పారు. ఈ నియమం మనుషులకని ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందుకే షాపుకి కొత్త కంప్యూటర్ వచ్చిన రోజున దాన్ని కూడా అతిథిగానే చూశాను. "మీ ఫైళ్లను భద్రంగా దాచమంటారా?" అని అడిగింది. పాపం, ఎంత శ్రద్ధ! "మీ ఫొటోల నుంచి మధుర క్షణాలు ఏరి పెట్టమంటారా?" అంది. "మీ ఇంట్లోని ఇతర పరికరాలతో కలుపుకోమంటారా?" అంది. ప్రతి ప్రశ్న కింద రెండే బటన్లు. ఒకటి 'అంగీకరిస్తున్నాను', రెండోది 'ఇప్పుడు కాదు'. 'వద్దు' అన్నది భూతద్దం పెట్టి వెతికినా లేదు. వద్దు అనే మాటే తెలియని అతిథికి వద్దని ఎలా చెప్పడం? మూడు ప్రశ్నలకూ అంగీకరించాను.

మాలో మూడుసార్లు ఖబూల్ అంటే నిఖా అయిపోయినట్టే. పెళ్లికూతురికి రాసిచ్చే మెహర్ కింద దానికి ఏం రాసిచ్చానో నాకు తెలియదు. షరతులు చదవలేదు కదా.

ఇల్లందులో మాది పెళ్లికార్డుల షాపు. నాన్న కాలంలో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది, మెడనొప్పి మాత్రం పాతదే వారసత్వంగా వచ్చింది. 'శ్రీరస్తు, శుభమస్తు' అని నేను కొట్టినన్నిసార్లు ఏ పంతులుగారూ పలికి ఉండరు. నాన్న నాకిచ్చిపోయిన సూత్రం ఒక్కటే: కార్డు పంచేదాకా ఆ పెళ్లి వాళ్లది, మన నోటిది కాదు. మా దిక్కున మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి భద్రాచలం రాముడి ముందు పెడతారు. తర్వాత ఇంటి పెద్దల చేతికి, ఆ తర్వాతే ఊరికి. ఆలోపు ఎవరి కంటా పడకూడదు. అందుకే నాన్న చెడిపోయిన కార్డులను చెత్తలో కూడా వేసేవారు కాదు, పొయ్యిలో పెట్టేవారు. మా చిన్నతనమంతా ఎందరివో పెళ్లిళ్లతో కాగిన నీళ్లే పోసుకున్నాం.

కొత్త కంప్యూటర్ పద్ధతి వేరు. దానికి ఒళ్లు విరుచుకోవాలనిపించినప్పుడల్లా 'అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు' అంటుంది. సరిగ్గా కౌంటర్ ముందు పెళ్లివాళ్లు చేతిలో ముహూర్తం పట్టుకుని నిలబడినప్పుడే దానికి అలా అనిపిస్తుంది. ముహూర్తం దాటుతున్నా లేవదు. లేచాక నేను ఎడమవైపు పెట్టుకున్నవన్నీ కుడివైపు సర్ది, 'మీకోసం మెరుగుపరిచాం' అంటుంది. కొత్త కోడలు కూడా వంటింట్లో ఇంత చొరవ చేయదు.

అయినా సర్దుకుపోయేవాణ్ణే, ఆ పెళ్లి రాకపోతే.

బొగ్గుబావిని మా దగ్గర బాయి అంటారు. బాయి మీద పనిచేసే ఒకాయన బిడ్డ పెళ్లికార్డు కోసం వచ్చాడు. రాగానే వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసి, గొంతు తగ్గించాడు.

"భాయ్, కార్డు మంచిగుండాలె. ఆహ్వానించువారు అన్న కాడ మొదాలు మా అన్న పేరుండాలె. ఆయన పేరు కిందనే నా పేరు."

"అట్లనే."

"కానీ గీ ముచ్చట మా అన్నకు ఇంక తెల్వదు."

పిలిచేవాడికే తెలియని పిలుపు నా జీవితంలో అదే మొదటిది. విషయం మెల్లగా బయటికొచ్చింది. అన్న భద్రాచలం దిక్కున, అడవిలోపలి ఊళ్లో వ్యవసాయం చేస్తాడు. అంతకుముందు ఇంట్లో ఏదో శుభకార్యానికి తమ్ముడు తీరిక లేక కార్డుని ఫోన్లో పంపాడట. అన్న రాలేదు. 'ఫోన్ల పడేస్తే అందినట్టేనా? నేను గ్రూపుల మెంబర్‌నా, ఇంటికి పెద్దన్ననా?' అన్నాడట. అప్పటినుంచి మాటల్లేవు.

"ఈసారి ఆదివారం నేనే పోత. మొదటి కార్డు రాముడికి, రెండోది మా అన్న చేతికి. గప్పటిదాక పురుగుకు గూడ తెల్వద్దు. ఇంకెవరి నోటెంట విన్నడనుకో, ఇగ లగ్గానికి రాడు. ఆయన రాకుంటే నా బిడ్డ పందిట్ల కూసోనంటున్నది. చిన్నప్పుడు ఆయన భుజం మీదనే పెరిగింది భాయ్ అది."

"నా నోట్లోంచి బయటికి పోదు," అని గుండె మీద చెయ్యి వేసుకున్నాను. హామీ నా నోటి గురించే ఇచ్చాను. కంప్యూటర్‌కి నోరుందని నాకప్పటికి తెలియదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాను. మా ముందుగదిలో నా భార్య కుట్టుమిషన్ ఉంటుంది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి గుమ్మానికి దళసరి పరదా కట్టుకున్నాం. పరదా పక్కకి తీసి లోపల అడుగు పెట్టగానే పిల్లనగ్రోవి పాట వినిపించింది. టీవీలోంచి.

షాపు కంప్యూటర్‌తో పొత్తు కలిశాక, ఎవరూ చూడనప్పుడు టీవీ ఊరికే ఉండటం మానేసి ఫొటోలు చూపించడం మొదలుపెట్టిందని అప్పుడే తెలిసింది. పైన 'ఈ వారం మీ మధుర క్షణాలు' అని రాసుంది. మొదటి మధుర క్షణం నా పంటి ఎక్స్‌రే. రెండోది పాడైన నీళ్ల మోటారు. మూడోది, గులాబీలు చల్లుకుంటూ తెర నిండా పరుచుకుంది, బాయి ఆయన బిడ్డ పెళ్లికార్డు.

టీవీ ఎదురుగా కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఆకుపచ్చ జాకెట్టు ముక్క. కార్డు కిందినుంచి పైకి చదువుతోంది.

"ఆహ్వానించువారు..." అని ఆగి, కళ్లజోడు పైకి తోసుకుంది. "ఓ అక్కా! గిది మా ఆయన పేరే. ఊరు గూడ మాదే. మా ఆయన లగ్గానికి పిలుస్తున్నడా? ఆయన పొద్దుగాల నాకు చెప్పకుంట ఛాయ్ గూడ తాగడు, లగ్గమెప్పుడు పెట్టుకున్నడు?"

మా అడవిదారిన ఇన్ని ఊళ్లుండగా, జాకెట్టు కుట్టించుకోను అదే ఊరినుంచి, అదే ఇంటినుంచి, అదే రోజు ఆ అన్నగారి భార్య బస్సెక్కి రావాలా!

"చూడుండ్రి," అంది నా భార్య నా వైపు తిరిగి. "మీ షాపు సామానంత టీవీల ఆరేసిండ్రు."

రిమోట్ కోసం దూకాను. అది జాకెట్టు ముక్కల కింద దొరికింది. ఏదో నొక్కాను, పిల్లనగ్రోవి ఇంకా గట్టిగా ఊదింది. మరేదో నొక్కాను. 'ఈ క్షణాన్ని మీ ఆత్మీయులతో పంచుకుంటారా?' అని అడిగింది టీవీ. కింద రెండు బటన్లు. 'పంచుకోండి', 'ఇప్పుడు కాదు'. ఇక లాభం లేదని గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పీకాను. కుట్టుమిషన్ ఆగిపోయింది. పాట ఆగలేదు. రెండో ప్లగ్గు పీకితే గాని గదిలోకి నిశ్శబ్దం రాలేదు.

ఆ నిశ్శబ్దంలో నేను చేతులు జోడించాను. "అక్కా, మీరేం చూడలేదు."

"ఎందుకు సూడలే? మంచిగ సూసిన. పిల్ల మా మరిది బిడ్డనే."

"ఆదివారం దాక చూడలేదనుకోండ్రి. మీ మరిది స్వయంగ వస్తడు. రాముడి కాడ పెట్టినంక కార్డు మీ ఇంటికే తెస్తడు. ఇంకెవరికీ చెప్పలే."

"ఫోన్ల కాదు గద?"

"ఫోన్ల కాదు. బొట్టు పెట్టి చేతికిస్తడు."

ఆమె ఒళ్లోని గుడ్డని మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. "మా ఆయన గీ పిలుపు కోసమే సూస్తున్నడన్నా. పైకి అనడు. మోటర్‌సైకిల్ చప్పుడైతే మాత్రం మెడ తిప్పుతడు. నేనిప్పుడు పోయి చెప్పిననంటే ఆయనకు మొకం మాడుతది, లగ్గం చెడ్తది. చెప్పకుంటే నాకు కడుపు ఉబ్బుతది."

"ఆదివారం దాక ఉబ్బనియ్యి చెల్లె," అంది నా భార్య. "జాకెట్టు జరంత వదులుగ కుడత."

ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, పిల్ల పందిట్లో కూర్చోకపోవడమే కళ్లముందు కదులుతోంది. ఆమె నవ్వు ఆపి నా వంక చూసింది.

"మరి నాదొకటున్నది. గా కార్డుల మా ఆయన పేరొక్కటే ఏసిండ్రు. భుజం మీదికి ఎత్తుకున్నందుకు పేరాయనదా? దినాం జడలేసింది ఎవరు? ఆయన పక్కన నా పేరు గూడ ఎయ్యి. అప్పుడు నేనేం సూడలే."

"ఎందుకెయ్యడు? ఏస్తడు," అని నా తరఫున నా భార్యే అంగీకరించింది. మా ఇంట్లో నాకు 'ఇప్పుడు కాదు' బటన్ కూడా ఉండదు.

షాపుకి వచ్చి ఫైలు తెరవబోయాను. తెరుచుకోలేదు. మీ ఫైలు క్లౌడ్‌లో ఉంది, నెట్ చూసుకోండి అంది. బయట నిజం మబ్బు కమ్మి, వాన పడి, నెట్ పోయింది. నెట్ వచ్చాక ఇంకో పేచీ. 'మీరు మీరేనని నిరూపించుకోండి, ఫోన్‌కి కోడ్ పంపాం' అంది. ఫోన్ ఇంట్లో, టీవీ పక్కన మరిచిపోయాను. ఊళ్లోవాళ్లకి అడక్కుండా చూపించిన కార్డుని, చేసినవాడికి చూపించడానికి దానికి సాక్ష్యం కావాలి!

ఇంటికెళ్లి ఫోన్ తెచ్చుకుని, ముందు బాయి ఆయనకి ఫోన్ చేశాను. "మీ వదినె పేరు కూడ పక్కన పెడితే నిండుగ ఉంటదేమో?"

"అవ్ భాయ్, నాకు తోచనే లేదు! పెట్టు. కార్డెప్పుడిస్తవ్?"

"సాయంత్రానికి. ఇప్పుడే క్లౌడ్ నుంచి దిగుతున్నది."

"మొగుల్ల పెట్టినవా? వానకు తడువదా?"

ఆదివారం నాకు అన్నం సహించలేదు. సోమవారం పొద్దున్నే ఆయన భద్రాచలం లడ్డుతో వచ్చాడు. ముఖం చూడగానే నా ప్రాణం కుదుటపడింది.

"అన్న కార్డు తీసుకొని ఎంతసేపు సూసిండో! గప్పుడు వదినె దిక్కు తిరిగి, 'ఏమే, నీ పేరు గూడ ఏసిండు సూడు' అన్నడు. మా వదినె బుగ్గ మీద ఏలు పెట్టుకొని, 'అయ్యో! నా పేరెందుకయ్యా' అని సిగ్గుపడ్డది. అన్న నవ్విండు భాయ్! నవ్వి, 'కూసో, తినిపో' అన్నడు. మా వదినె సిగ్గుపడంగ నేనెన్నడు సూడలే. ఆ పేరు ముచ్చట నీకెట్ల తట్టింది?"

"కంప్యూటరే చెప్పింది," అన్నాను. అబద్ధం కాదు.

"గింత తెలివున్నదా దానికి!"

లడ్డు నోట్లో పెట్టుకున్నాను. నోరు మూసుకోవడానికి అంతకన్నా పవిత్రమైన సాధనం లేదు.

పెళ్లికి వెళ్లాం. పిల్ల పందిట్లో పెదనాన్న పక్కనే కూర్చుంది. ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కున్న పెద్దమ్మ వెనక నిలబడి జడలో పూలు సర్దుతూ, నన్ను చూసి కళ్లజోడు పైకి తోసుకుని, ఏమీ చూడనట్టు తల తిప్పుకుంది.

ఆ తర్వాత కంప్యూటర్‌తో నా కాపురం సంగతి. మధుర క్షణాలు ఆపేశాను, పరికరాల పొత్తు విడదీశాను, మబ్బులోంచి అన్నీ దింపుకున్నాను. వారం తిరిగేసరికి అప్‌డేట్ వచ్చి, ఆపినవన్నీ మళ్లీ వెలిగించి, 'అంతా సిద్ధం' అంది. మళ్లీ ఆపాను. మళ్లీ వెలిగించింది. ఖాతా లేకుండా నడుపుదామంటే మొదటి మెట్టు దగ్గరే అడ్డం నిలబడింది. తలాఖ్ ఎలా చెప్పాలో ఆ షరతుల్లో ఎక్కడో రాసే ఉంటుంది. చదవాల్సింది.

చివరికి అటక మీది పాత కంప్యూటర్ దించి దుమ్ము దులిపాను. దానికి నెట్ తీగ తగిలించలేదు. ప్రపంచంతో ఏ సంబంధమూ లేనిది కాబట్టి ఊళ్లోవాళ్ల సంబంధాలన్నీ దానికే అప్పగించాను. నిదానంగా నడుస్తుంది, దగ్గుతుంది, కాని కడుపులో మాట దాచుకుంటుంది. చెడిపోయిన కార్డులు మళ్లీ పొయ్యిలోకే పోతున్నాయి.

కొత్తదానికి మాత్రం ఒకే ఒక్క కార్డు చేసి పెట్టాను. గులాబీలు, బంగారు అంచు, దేనికీ తక్కువ చేయలేదు. వరుడు చిరంజీవి అప్‌డేట్. వధువు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి రీస్టార్ట్. ఆహ్వానించువారు మబ్బుగారి దంపతులు. వేదిక, భద్రాచలం దారిలో సిగ్నల్ పోయే మలుపు దాటాక, అడవి లోపల. ముహూర్తం కూడా పెట్టాను, శుక్రవారం పొద్దున.

ఊహించినట్టే వెంటనే చదివేసుకుంది. అడక్కుండానే క్యాలెండర్‌లో రాసుకుంది. షేర్వానీలు చూపించింది, బహుమతులు చూపించింది, దగ్గర్లో హోటల్ లేదని బాధపడింది. ఇంట్లో టీవీ పిల్లనగ్రోవి ఊదుతూ రోజుకి నాలుగుసార్లు ఆ కార్డు చూపిస్తోంది. జాకెట్లకి వచ్చినవాళ్లు "ఎవరిదక్కా లగ్గం?" అని అడిగితే, నా భార్య దారం కొరుకుతూ, "మా ఆయన రెండో ఇంటివాళ్లది" అంటోంది.

శుక్రవారం పొద్దున షాపు తీశాను. తెర మీద గంట మోగింది. 'పెళ్లికి ఆలస్యమవుతోంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఇప్పుడే బయలుదేరుతారా?'

ఛాయ్ తెప్పించుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, నిదానంగా ఒక గుక్క తాగి, 'ఇప్పుడు కాదు' నొక్కాను. కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ అదే నొక్కాను. మూడోసారి కూడా అడిగింది.

మూడోసారి కూడా కాదన్నాను.