సుక్కమ్మను అడగవచ్చిన ముగ్గురు

మా మేనత్త సుక్కమ్మకు చేతులు కట్టుకుని నిలబడడం రాదు. నేర్పాలని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు, ఆమె నేర్చుకోలేదు. గొర్లు కాచే ఇంట పుట్టి, గొర్లు కాచే ఎల్లేశానికే పెళ్లామై వచ్చింది. హుజూర్‌నగర్ దాపున మా ఊళ్లో అప్పట్లో వాళ్లదే పెద్ద మంద.

వానలకు ముందు చేలో రాత్రులు మందను ఆపితే నేల బలపడుతుంది. గొర్రె పెంట పడిన చేలో జొన్న తీరే వేరు. అందుకని వైశాఖం వచ్చిందంటే రైతులు మంద కోసం తిరుగుతారు. దానికో పద్ధతి ఉంది. కావలసిన రైతు తానే మంద దగ్గరికి రావాలి. కాపరి పరిచిన గొంగడి మీద కూర్చుని, కాపరి పోసిన అంబలి తాగి, అప్పుడు అడగాలి. కబురు పంపితే చెల్లదు. అంబలి తాగినంత మాత్రాన మంద వచ్చినట్టూ కాదు, అడిగే హక్కు వచ్చినట్టు. అవుననడం, కాదనడం కాపరి ఇష్టం.

మా దొర మాత్రం ఎన్నడూ అడిగి ఎరగడు. ముందు ఆయన చేలన్నిటిలో వెట్టికి మంద పెట్టాలి, ఆ తర్వాతే ఇంకొకరికి. ఒక ఏడు ఎల్లేశం మామ కుదరదన్నాడు. దొర ఉండే గడీలో కట్టేసి కొట్టారు. ఇంటికి మోసుకొచ్చాక ఆయన మళ్లీ లేవలేదు. ఆ కోపాన్ని మా అత్త కడుపులో దాచుకోలేదు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. ఆయన ఎవరెవరి దగ్గరో గుంజుకున్న మిట్ట చేలను సంఘం పంచితే, ఒక ముక్క లచ్చయ్యకు వచ్చింది. లచ్చయ్య పాలేరుగా బతికినవాడు. తనదంటూ నాగలి పెట్టింది ఆ చేలోనే. పోలీసు చర్య అయి నిజాం రజాకార్లు పోయినప్పుడు ఊరంతా సంబరపడింది. ఆ సంబరం తీరకముందే మిలిట్రీ లారీల వెనకాల దొర కూడా దిగాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మరుసటి వైశాఖంలో మా అత్తను వెతుక్కుంటూ ముగ్గురు వచ్చారు.

మొదట లచ్చయ్య. పద్ధతిగా కూర్చున్నాడు, తాగాడు, మిట్ట చేనుకు మంద కావాలన్నాడు. పంట వచ్చాక జొన్నలు కొలుస్తానన్నాడు. మంద పిలిచినవాడే ఆ చేను ఆసామి అని ఊరి లెక్క. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. దొర మనుషులు వస్తే చేలో నిలబడతావా అని మా అత్త నిలదీసింది. లచ్చయ్య తాగిన గిన్నె కింద పెట్టాడు.

"నిలబడ్త అని ఒట్టు పెట్టలేనక్కా. ఉరికితే మాత్రం నీకు చెప్పే ఉరుకుత."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. అయినా మాట ఇవ్వలేదు, ఇంకెవరైనా వస్తే వాళ్లనూ విననిమ్మంది.

రెండోవాడు మిలిట్రీ క్యాంపు జమేదారు, మద్రాసు వైపు మనిషి. బూట్లతోనే గొంగడి తొక్కాడు. ఆయనకు మంద అక్కర్లేదు, మా అత్తే కావాలి. గుట్టల్లో తిరిగే మనిషివి, అక్కడ దాగిన సంఘంవాళ్లు ఎవరు కనబడినా చెబితే చాలు, నెలనెలా జీతం అన్నాడు. సర్కారు జీతం మా ఊళ్లో అంతవరకు ఆడమనిషి ఎవరూ ఎత్తలేదు.

"నెలనెల జీతమంటే నెలనెల ఒకణ్ణి పట్టియ్యాలె గద సారూ. మా ఊళ్లె అంతమంది లేరు" అని లేచి గొంగడి దులుపుకుంది.

మూడోది దొర పిలుపు. గుమాస్తా రఘుపతి వచ్చి, ఇక వెట్టి లేదని, లచ్చయ్య ఇచ్చేదానికి రెండింతలు ధాన్యమని, బంచరాయి బీడులో మేత ఊరికేనని చెప్పాడు. మంద మాత్రం మిట్ట చేలోనే పెట్టాలి, దొర పేరు మీద. అడగవలసిన ఆయన కాళ్లు బాగానే ఉన్నాయి కదా అని మా అత్త అతణ్ణి తిప్పి పంపింది.

ఇంట్లో అందరూ ఆమె మీద పడ్డారు. ఆ ఎండల్లో బంచరాయి తప్ప పచ్చిక లేదు. అది దొర చేతిలో ఉంది. కాదంటే మంద పోతుంది, మంద పోతే ఆమెకు వేరే బతుకు లేదు. ఆమెకు భయం లేదని నేను చెప్పను. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

దొర నిజంగానే వచ్చాడు. గుర్రం దిగాడు. గొంగడి మీద కూర్చున్నాడు. ఊరు ఊరంతా దూరంగా నిలబడి చూస్తుండగా అంబలి గిన్నె ఎత్తి తాగాడు కూడా. అంతవరకు సుక్కి అని పిలిచిన మనిషి సుక్కమ్మా అన్నాడు. మూతి తుడుచుకుని, రేపు పొద్దుగూకేసరికి మందను మిట్టకు తోలమని చెప్పి లేవబోయాడు. పని అయిపోయిందనుకున్నాడు. అడగడం అలవాటు లేని మనిషికి, అడిగితే లేదనే జవాబు కూడా ఉంటుందని ఎట్లా తెలుస్తుంది?

"కూసోండి దొరా, నేనింక చెప్పలే" అంది మా అత్త. దొర ముందు అందరూ అనే బాంచెన్ అనలేదు.

దొర కూర్చోలేదు. ఆమె కూడా లేచి నిలబడింది.

"మీ జొన్నలు ఎక్కువనే. కాదంటలేను. గని గా చేను లచ్చయ్యది. మీ పేరు మీద మంద పెడితే, నా మొగణ్ణి చంపినోళ్ల దిక్కు నేను సాక్ష్యం చెప్పినట్లయితది. పెట్ట."

దొర మొహంలో నెత్తురు పొంగింది. అయినా గొంతు పెంచలేదు. అట్లాంటివాళ్లు పెంచరు.

"మరి గొర్లను యాడ మేపుతవే సుక్కీ?"

"మీరు పట్నంల దాసుకున్నప్పుడు యాడ మేసినయో, గాడనే" అంది మా అత్త.

దొర గుర్రమెక్కగానే ఆమె కర్ర తీసుకుని మందను అదిలించింది. గొర్లు గుర్రం కాళ్ల చుట్టూ దుమ్ము లేపుకుంటూ లచ్చయ్య చేను ఉన్న మిట్ట దారి పట్టాయి. అవన్నీ దాటేదాకా గుర్రం కదలలేక నిలబడిపోయింది, దాని మీద దొర కూడా. ముందు లచ్చయ్య, ఆ వెనక ఒక్కొక్కరూ, ఆ చేలో మంద చుట్టూ దడి కట్టడానికి ముండ్లకంప మోపులు నెత్తికెత్తుకుని మంద వెంట నడిచారు.