ఆఖరి ముక్క ప్రేమ్‌రాజ్

దబీర్‌పురా స్టేషన్ రోడ్డులో కార్డులు అచ్చువేసే ప్రేమ్‌రాజ్‌కు ఒకటే జబ్బు. ఎవరేం చెప్పినా మొదటి నుంచీ వినడు. "ముందుదంతా ఒద్దు. ఆఖరి ముక్క చెప్పు!" అంటాడు. పెళ్లికార్డు కోసం వచ్చినవాళ్లు ముత్తాత దగ్గర వంశం మొదలెడితే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టేస్తాడు. సినిమాకు వెళ్లినా క్లైమాక్స్‌కే వెళ్తాడు. "విలన్ చచ్చిండా? చాలు, పా" అని లేచి వచ్చేస్తాడు.

ఇంట్లో ఆయన భార్య బేబీ అవస్థ చెప్పనలవి కాదు.

"ఉస్మాన్‌గంజ్‌ల మనకెరికైన సేటు లేడా, గాయన దుకాణం పక్కపొంటి గల్లీల..."

"ఆఖరిది చెప్పు బేబీ."

"చింతపండు తేవాలె! నా కర్మ!"

మొన్న డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు, నూనె మానమన్నాడు, రోజూ నడవమన్నాడు, చివర్లో పోనీలే పాపం అని పండగపూట కొంచెం బిర్యానీ తినొచ్చన్నాడు. ఈయన నేరుగా ఇంటికొచ్చి, "బిర్యానీ తినమన్నడు" అని పళ్లెం ముందు కూర్చున్నాడు. ఆ పూట బేబీ చేసిన లొల్లికి గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది.

షాపులో కంప్యూటర్ పని చూసే లావణ్యకు ఈ అలవాటంటే ఒళ్లుమంట. ఆమె రాత్రీ పగలూ తంటాలుపడి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసింది. కంప్యూటర్‌లో ప్రతి ఫైలుకూ ఒక చిరునామా ఉంటుంది. ఏ ఫోల్డర్‌లో ఏ ఫోల్డర్, అందులో ఏ ఫైలు, మధ్యమధ్య ఒక ఏటవాలు గీత. చివరి గీత తర్వాత ఉన్నదే ఫైలు పేరు. ఆ పేరొక్కటే కోసి ఫోటో కింద అచ్చువేయడం ఆ ప్రోగ్రాం పని. ఇంత గొప్ప సంగతి వివరించబోతే ఆయన వింటేగా!

"అన్నా, చిరునామల గీతలుంటయి గదా, గవి ఎతికి..."

"ఆఖరి ముక్క?"

"పని జల్ది అయితది," అంది పళ్లు కొరుకుతూ.

"గట్ల చెప్పు!"

ఒకరోజు కుట్టు శిక్షణ కేంద్రం నడిపే సాయికుమార్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. శిక్షణ పూర్తిచేసిన ఆడవాళ్లకు మెడలో వేసుకునే ఫోటో కార్డులు కావాలి, ఫంక్షన్ ఆ సాయంత్రమే. ఒక్కో ఫోటో ఫైలుకు ఆమె పేరే పెట్టి ఉంది. సరిగ్గా అప్పుడే పాత కంప్యూటర్ మొరాయించింది. ప్రేమ్‌రాజ్ సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన ఇంకో రకం కంప్యూటర్ మీద లావణ్య ప్రోగ్రాం నడిపి చాయ్ తాగడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ప్రేమ్‌రాజ్ చేతిలో ఒక కార్డు ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన ఒక ముక్కను మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నాడు. నవ్వుతున్న ఆడమనిషి ఫోటో కింద ఇలా ఉంది: "ఫీజు మాఫీ/మొగుడు వదిలేసినోళ్లు/నీలమ్మ."

లావణ్య కార్డు లాక్కుని చూసింది. సాయికుమార్ తన లెక్కలకోసం ఫోటోలను అలా ఫోల్డర్లలో సర్దుకున్నాడు.

"పాత దాంట్ల గీత ఎడమకు వాలుతదన్నా, దీంట్ల కుడికి. నా ప్రోగ్రాం ఎడమ గీతనే ఎతికింది. దొరకలే. మొత్తం అచ్చేసింది."

"గివి మెడలేసుకొని నలుగుట్ల ఎట్ల నిలబడ్తరు?" అన్నాడాయన మెల్లగా. షట్టర్ సగం దించి, కార్డులన్నీ తానే ముక్కలు ముక్కలుగా కోసేశాడు. సాయికుమార్ ఫోన్ చేస్తే "అయితున్నయ్" అని పెట్టేశాడు.

లావణ్య ప్రోగ్రాం మార్చింది. గీత ఎటు వాలినా సరే, చివరి గీత దగ్గరే కోయమని నేర్పింది. రెండు రకాల చిరునామాలూ ఇచ్చి చూసుకున్నాక మళ్లీ అచ్చుకొట్టింది. ఈసారి ఫోటో కింద "నీలమ్మ" అని మాత్రమే వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

"అన్నా, ఇయ్యాల మొత్తం చదివినవ్ గదా, మరి ఎవ్వరిదీ మొత్తం ఎందుకు ఇనవు?"

"గల్లా కాడ కూసుంటే మొహాలు కనబడ్తయ్ బిడ్డా. ముందుదంతా చెప్పేటప్పుడు మనిషి తల కిందికి పోతది. పేరు చెప్పంగనే పైకొస్తది. మరి నేనేం అడగాలె?"

ఇన్నాళ్లూ ఈయనకు ఓపిక లేదనుకుంది లావణ్య. ఆయన మీద ఒక్కసారిగా ప్రేమ పొంగుకొచ్చింది.

"మరి బిర్యానీ ముచ్చటేంది?"

"గది వేరే," అన్నాడు ప్రేమ్‌రాజ్ చప్పున.

ఫంక్షన్‌లో కార్డులు ఆయనే పంచాడు. నీలమ్మ బెరుగ్గా దగ్గరికొచ్చింది.

"అన్నా, నేను ఫీజు కట్టలే. మా ఆయన ఉన్నడు గదా, గాయన..."

"ముందుదంతా ఒద్దమ్మా. పేరు?"

"నీలమ్మ."

"గదీ! తీస్కో."

ఆమె కార్డు మెడలో వేసుకుని, ఎత్తి పట్టుకుని తనివితీరా చూసుకుంది. ముఖం వెలిగిపోయింది.

"మస్తుందన్నా. ఇంకోటి ఇస్తవా? నా మిషిను మీద అతికిచ్చుకుంట."

ప్రేమ్‌రాజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇస్తగని చూడమ్మా, గీ అట్ట ఈడ దొరకది. పాత కంప్యూటర్ ఖరాబైంది. కొత్త దాంట్లనేమో గీత కుడికి వాలుతది, మా లావణ్య ఉన్నది గదా..."

"ముందుదంతా ఒద్దన్నా," అంది నీలమ్మ. "ఎప్పుడిస్తవ్?"

వెనక లావణ్య పకపకా నవ్వింది. ప్రేమ్‌రాజ్ తెరిచిన నోరు మూసుకుని, బుర్ర గోక్కున్నాడు.

"రేపు," అన్నాడు.