గుప్పెడు చూసి కొన్న మిక్సీలు

మండపేటలో ఒక రైస్ మిల్లుకి ధాన్యం కొనిపెట్టే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. లారీ గానీ ట్రాక్టరు గానీ వచ్చి ఆగగానే ఇనుప గొట్టంతో ఒక బస్తాలో పొడిచి, గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, ఒకటి కొరికి, తేమ ఎంతో తాలు ఎంతో చెప్పేసేవాణ్ణి. తేమ కొలిచే మిషన్లు వచ్చాక కూడా యజమాని గారు ముందు మిషన్ చూసి, తర్వాత నా ముఖం చూసేవారు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు కదా. ఆ సామెత నా కోసమే పుట్టిందని చాలాకాలం నమ్మాను.

రిటైరయ్యాక ఈ చెయ్యి ఊరికే ఉండలేకపోయింది. అదే సమయానికి మా ఆవిడ వీధిగదిలో దుకాణం పెట్టాలని నిర్ణయించుకుంది. ఆన్‌లైన్ కంపెనీలు వదిలించుకునే సరుకుని లాట్లుగా చవగ్గా అమ్ముతారని, అందులో మిక్సీలు తెచ్చి అమ్మితే గిట్టుబాటవుతుందని ఎవరో చెప్పారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్ళందరికీ చెప్పేసింది: "మంచి మిక్సీలండి, షాపు కంటే తక్కువకి. పూచీ నాది." పూచీ ఆవిడది, ఎంపిక నాది. మిక్సీ చెడితే మళ్ళీ ఆదివారం వాళ్ళ మధ్య తలెత్తుకుని కూర్చోవాల్సింది ఆవిడే. ఈ సంగతి తెలిసి కూడా ధీమాగా బయల్దేరాను.

రాజమండ్రి దగ్గర హైవే పక్కన ఒక గోడౌన్. దాని మేనేజరంత మర్యాదస్తుణ్ణి నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాఠం చెప్పాడు.

"ఇది ఓవర్‌స్టాక్ అండి, అమ్ముడుపోక మిగిలింది, సీలు కూడా తియ్యలేదు. అది షెల్ఫ్ పుల్, షాపు అరలో కూర్చుని కూర్చుని దిగొచ్చింది. అవతలిది కస్టమర్ రిటర్న్, కొని వెనక్కి పంపినవి. ఆ మూలది సాల్వేజ్, విడిభాగాలకి తప్ప పనికిరాదండి."

"ఆ రిటర్న్ సరుకు బాగుంటుందా?"

"కొంతమంది రంగు నచ్చలేదని పంపేస్తారండి."

"మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు కూడా అదే రాస్తారండి."

రిటర్న్ లాటు మీద అన్‌టెస్టెడ్ అని కాగితం అంటించి ఉంది. అంటే ఏంటని అడిగాను. "పరీక్ష చెయ్యలేదండి. చేస్తే మీకు చెప్పాల్సి వస్తుంది కదండి" అన్నాడు. ఇంత విడమరిచి చెప్పినా అర్థం చేసుకోకపోతే తప్పు ఆ మనిషిది కాదు.

మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏవండీ, సీలు తియ్యనివే తీసుకోండి. రిటర్న్‌వైతే ఒక్కొక్కటీ ప్లగ్గు పెట్టి చూడండి." ఒక్కొక్కటీ చూడటం చేతకానివాళ్ళ పని. రిటర్న్ లాటులోనే పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తీయించాను. నా ఖర్మ కొద్దీ మూడూ గిర్రున తిరిగాయి. లాటంతా కొనేశాను.

ఒక చేలో పండిన ధాన్యం ఒకే ఎండకి ఎండుతుంది. మిక్సీలు అలా కాదు. ఒక్కోటి ఒక్కో ఇంట్లో ఒక్కో చేతిలో మాడి వస్తుంది. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు.

మొదటి మిక్సీ పాస్టరమ్మ గారు కొన్నారు. మూడో రోజు పెట్టెతో సహా వచ్చారు. "మిక్సీ బాగానే ఉందమ్మా. పొగ రావడం ఒక్కటే" అన్నారు. మా గోదావరి జిల్లాల్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. మా ఆవిడ డబ్బు తిరిగిచ్చి, ఆవిణ్ణి వీధి గుమ్మం దాకా సాగనంపి, లోపలికొచ్చి తలుపేసి ఏడ్చింది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"ఇంక నా సరుకు మీద మీరు చెయ్యి వెయ్యకండి" అంది కళ్ళు తుడుచుకుని.

ఆ తర్వాత వారం రోజులు మినప్పప్పు నానబోసి, ప్రతి మిక్సీలోనూ రుబ్బి చూసింది. జారు మూత తీసి వాసన చూస్తే చాలు, దాని చరిత్రంతా చెప్పేసేది. "ఇది ఆవపిండి. ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టేసుకుని, అప్పుడు రంగు నచ్చలేదన్నారు." ఒకదానికి పసుపు కొమ్ముల దెబ్బకి బ్లేడు వంగిపోయింది. కొత్తది ఉంచుకుని, అదే పెట్టెలో తమ పాత మిక్సీ పెట్టి పంపిన పుణ్యాత్ములు కూడా ఉన్నారు. ఆ వారమంతా మేం గారెలే తిన్నాం.

కంపెనీ వాళ్ళు అంటించిన ఏ, బీ, సీ గ్రేడు చీటీలు పీకేసి ప్రతి పెట్టె మీదా తన చేతిరాతతో రాసింది. బాగుంది. బాగుంది గానీ అరుస్తుంది. చట్నీకి సరే, పిండికి వద్దు. ఎవరికీ వద్దు. ఆదివారం చర్చి దగ్గర అందరికీ తనే చెప్పింది, "మా ఆయన చూడకుండా తెచ్చారండి. ఇప్పుడు నేను చూశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను" అని. నేను మగవాళ్ళ వైపు నిలబడి పాటల పుస్తకం శ్రద్ధగా చదువుతున్నాను. ఆరాధన అప్పటికే అయిపోయింది.

అరిచేవే ముందు అమ్ముడుపోయాయి. పాస్టరమ్మ గారు కూడా వచ్చి అరిచేదే పట్టుకెళ్ళారు. మా ఆవిడ మాట నిలబడింది. నాకు దుకాణంలో ఒక కుర్చీ మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఒక పెద్ద వయసు రైతు వచ్చారు. మా ఆవిడ రెండు మిక్సీలు దించి, పప్పు వేసి తిప్పి చూపించి, ఇంకోటి కూడా చూస్తారా అని అడిగింది. ఆయన ఆవిడకి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగారు.

"మీరు మిల్లులో ధాన్యం చూసేవారు కదండి?"

"అవునండి" అన్నాను. పొగరు ఇంకా చావలేదు, కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"ఒకసారి మా లోడు చూశారండి. బరకం జారి చివరి బస్తా ఒక్కటీ వానకి తడిసింది. మీరు సరిగ్గా దాన్నే పొడిచారు. మిగతావి పొడివేనండి, ఇంకో బస్తా చూడండి అని బతిమాలాను. అక్కర్లేదన్నారు. లోడంతా తడి ధాన్యం ధరకే పోయిందండి."

ఆయన గొంతులో కోపం లేదు. మిక్సీ పెట్టె చంకన పెట్టుకుని, మా ఆవిడకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ పప్పు జారు కడగడానికి లోపలికి వెళ్ళింది. నన్ను నాలుగు మాటలు అని వెళ్ళినా బాగుండేది.

మిల్లు దగ్గర బతిమాలినప్పటి ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా ఈ రోజుకీ రావడం లేదు. ఎలా వస్తుంది? ఆ రోజు నేను ఆయన్ని చూడలేదు. ఆయన ధాన్యం చూశాను, అదీ గుప్పెడు.