మిల్లు పిన్ని పొట్లాలు

అద్దంకిలో మా వీధి చివర కారం మిల్లు నడిపే ఆవిడను అందరం పిన్ని అనేవాళ్లం. ఎవరి మిరపకాయలు వాళ్లం తీసుకెళ్లి, ఎదురుగా నిలబడి ఆడించుకునేవాళ్లం. ఆడించగానే పిన్ని చిటికెడు కారం మన అరచేతిలో వేసి, "చూసుకో, నీ కాయేనా?" అనేది. అలా అడగకుండా ఎవరినీ పంపేది కాదు.

సూపర్ మార్కెట్ వచ్చాక గిరాకీ తగ్గింది. ఎవరో చెబితే, తనే కాయలు కొని ఆడించి, రంగురంగుల పొట్లాలు కట్టి అమ్మటం మొదలుపెట్టింది. ఆ పనిలో పడి, కాయలు తెచ్చినవాళ్లను "రేపు రండమ్మా" అని పంపేసేది. వాళ్లు వేరే మిల్లు చూసుకున్నారు. పొట్లమే కావాలనుకున్నవాళ్లు కంపెనీ పొట్లమే కొన్నారు.

"మళ్లీ పాతలాగే ఆడించరాదా పిన్నీ?" అన్నాను.

"పొద్దున్నే తెరిచి కూర్చుంటున్నానే. ఎవరొస్తున్నారు?"

పోయిన వేసవిలో మిల్లును పాత ఇనుము కొనేవాళ్లకు ఇచ్చేసింది. నేను వెళ్లేసరికి కడిగిన ఖాళీ గదిలో నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఘాటంతా పోయిందే," అంది. "ఇన్నేళ్లూ దగ్గుతూనే నిద్రపోయాను. ఇప్పుడు దగ్గూ లేదు, నిద్రా లేదు."